కటింగు మాస్టారి కొవ్వు

మా వీధిలో ఫొటోకాపీ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న దర్జీ కొట్టు కటింగు మాస్టారిది. కొలతలు తీసుకుని బట్ట కత్తిరించేది ఆయనే కాబట్టి ఆ పేరు వచ్చింది. బట్ట కంటే మనుషుల్నే ఎక్కువ కత్తిరిస్తాడు కాబట్టి నిలిచింది. ప్యాంటు కుట్టించుకోడానికి వెళ్లినవాడు కొలతలిచ్చి, నాలుగు చురకలు తిని, నోరు మూసుకుని తిరిగి రావాలి. "ఊపిరి బిగబట్టకండి సార్. పొట్ట మీదే, దొంగతనంగా తెచ్చింది కాదు కదా, వదిలెయ్యండి" అనేవాడు. కొత్త కోటు వేసుకుని అద్దంలో మురిసిపోతున్నవాడితో, "ఆ భుజాలు మీవి కావు, నేను పెట్టిన దూదివి. ఎక్కువ నమ్మకండి" అనేవాడు. అయినా జనం వెళ్లేవాళ్లు. ఆయన కుట్టిన బట్టల్లో బద్ధకస్తుడు కూడా హుందాగా కనిపించేవాడు మరి.

ఆయనకి గిట్టనివి చాలా ఉన్నాయి. అన్నిటికంటే పైన తాగుడు. సాయంత్రం మలుపులోని బారు వైపు నడిచేవాళ్లని చూసి, కత్తెర ఆపి మరీ, "వెళ్తున్నారు, లివర్ తాకట్టు పెట్టడానికి" అనేవాడు. ఎవరికైనా లివర్ చెడిందని వింటే, "తాగేటప్పుడు తెలీలేదా?" అన్నదే ఆయన పరామర్శ. ఆయన లెక్కలో లివర్ అనేది తాగేవాళ్లకే ఉంటుంది. తనలాంటివాళ్లకి ఆ చోట సద్గుణాలు ఉంటాయి.

ఆ సద్గుణాల పోషణ ఇలా జరిగేది. పొద్దున కొట్టు తెరవగానే బేకరీ నుంచి క్రీము బన్నులు వచ్చేవి. మిషను పక్కన నారింజ రంగు కూల్‌డ్రింకు సీసా ఎప్పుడూ ఉండేది, మంచినీళ్లకి బదులు అదే. టీలో చెంచా నిలబడేంత చక్కెర. భోజనం కాగానే కటింగు బల్ల మీదే కునుకు. షుగరు జబ్బు ఉందని మాత్రలు రాసిస్తే, ఒంట్లో బాగానే ఉందనిపించిన రోజు నుంచీ మానేశాడు. "నాకు ఒక్క చెడు అలవాటు లేదు" అంటూ సీసా ఎత్తి గుటక వేసేవాడు. ఊరందరి నడుములూ పైకి చదివి వినిపించే మనిషి, తన ప్యాంటు మాత్రం టేపు పెట్టకుండా అందాజుగా కుట్టుకునేవాడు. బిగువైతే కుట్లు విప్పి వదులు చేసుకునేవాడు. మళ్లీ బిగువైతే మళ్లీ విప్పేవాడు.

ఆయన భార్య ఇంట్లో కూర్చుని కాజాలు తీసి గుండీలు కుట్టేది. ఆ ఇంట్లో నోరంతా ఆయనది, ఓపికంతా ఆవిడది. ఆవిడకి ఒక్కడే తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మంచి పనివాడు, అంతకంటే మంచి తాగుబోతు. ఒకసారి అక్క ఇంటికి భోజనానికి పిలిస్తే తూలుతూ వచ్చి గాజు బీరువా మీద పడ్డాడు. మాస్టారు బావమరిదిని కాలరు పట్టుకుని మెట్ల దాకా లాక్కెళ్లి, వెనకే చెప్పులు విసిరాడు. "మళ్లీ ఈ గడప తొక్కావంటే నిన్ను కత్తిరించి సంచులు కుడతా" అన్నాడు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్లు కూరగాయల బజారులో అనుకోకుండా ఎదురుపడినట్టు కలుసుకునేవాళ్లు. ఆవిడ ఎర్రబడ్డ కళ్లతో ఇంటికొస్తే, "ఉల్లిపాయలు అంత ఘాటుగా ఉన్నాయా?" అని అడిగేవాడు మాస్టారు. తెలియక కాదు.

వ్యాపారుల సంఘం వాళ్లు ఒక ఆదివారం ఉచితంగా ఆరోగ్య పరీక్షలు పెట్టించారు. ఉచితం అన్న మాటకి వీధి వీధంతా కదిలింది. పొట్ట మీద జిగురు రాసి మిషనుతో చూసిన కుర్ర డాక్టరు మాస్టారితో, "మీ లివర్‌కి కొవ్వు పట్టిందండీ" అన్నాడు.

మాస్టారు వెనక వరసలో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా, "నాకు కొవ్వని మా ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది. మీరు దానికి మిషను పెట్టారు" అన్నాడు.

అందరూ నవ్వారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. "షుగరు అదుపులో పెట్టుకోవాలి. కూల్‌డ్రింకులు మానెయ్యండి, రోజూ నడవండి, బరువు తగ్గండి. ఇప్పుడైతే లివర్ మళ్లీ మామూలుగా అయ్యే అవకాశం ఉంది. వదిలేస్తే ముదురుతుంది" అన్నాడు. మాస్టారు ఆ కాగితం తెచ్చి ఇస్త్రీపెట్టె కింద వేసుకున్నాడు. కొన్నాళ్లకి అది మాడి మసైంది. ఆ కుర్రాడి కొలతలు కూడా తను తీసేసుకున్నట్టు, "మీసం మొలవనివాళ్లంతా డాక్టర్లే" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

కొన్నేళ్లు గడిచాయి. లివర్ ఓర్పుగల అవయవం. మాస్టారి భార్య లాగే అది కూడా చాలాకాలం కిక్కురుమనకుండా చాకిరీ చేసింది. తర్వాత ఆయనకి నిస్సత్తువ మొదలైంది. ఒళ్లంతా దురద. సాయంత్రానికి పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. చేతులు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం గట్టిగా ముందుకొచ్చింది. ఆయన దానికి గ్యాసు అని పేరు పెట్టుకుని సోడా తాగాడు. ఒకరోజు ఫొటోకాపీ కొట్టాయన, "మాస్టారూ, మీ కళ్లేంటి, పాత కాగితాల్లా పచ్చబడ్డాయి?" అన్నాడు. భార్య ఆ మాట పట్టుకుని, పెళ్లయ్యాక మొదటిసారి మొగుడి మాట లెక్కచేయకుండా ఆసుపత్రికి లాక్కెళ్లింది.

లివర్ డాక్టరమ్మ పొట్ట చూసింది, కళ్లు చూసింది, రక్తపరీక్షలు చూసింది. "మందు తాగుతారా?" అని అడిగింది.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. "ఎవర్ని అడుగుతున్నారు?"

"అందర్నీ అడుగుతానండీ. తెలుసుకోవాలి కాబట్టి."

"అందర్నీ అడగండి. నన్ను అడక్కండి."

"తాగకపోతే తాగలేదని చెప్పండి, చాలు. కూర్చోండి. మీ లివర్ గట్టిపడిపోయింది. సిర్రోసిస్ అంటాం. తాగకపోయినా వస్తుంది. మీకు కొవ్వు వల్ల, షుగరు వల్ల వచ్చినట్టుంది."

ఆ నాలుగు వాక్యాల్లో ఆయన చెవికెక్కింది సిర్రోసిస్ ఒక్కటే. అది బారు ముందు పడిపోయేవాళ్లకి వచ్చేది. తను ఇన్నాళ్లూ గుమ్మంలో నిలబడి ఎవరికి శాపం పెట్టాడో వాళ్ల జబ్బు. దారిలో భార్య మందులు కొంటుంటే, "తాగుబోతుల మాత్రలు నేను మింగను" అన్నాడు.

ఆవిడ గుండె బరువు దించుకోడానికి పక్కింటావిడకి చెప్పి, ఎవరితోనూ అనొద్దంది. మా వీధిలో ఒక వార్త నలుగురికీ చేరాలంటే ఇంతకు మించిన పద్ధతి లేదు. రెండో రోజుకి తీర్పు వచ్చేసింది. మాస్టారు దొంగచాటుగా తాగేవాడు. ఎలా? ఇంకెలా, ఆ నారింజ రంగు సీసాలో కలుపుకుని. లేకపోతే రోజంతా దాన్ని పక్కనే ఎందుకు పెట్టుకుంటాడు? అనుమానంతో కాదు, ఆనందంతో చెప్పుకున్నారు. ఆయన చురకలు తిన్నవాళ్లు ఊళ్లో తక్కువేం లేరు. ఏళ్ల తరబడి బారులో కుర్చీ అరగదీసిన పెద్దమనిషి ఒకడు కొట్టు ముందు ఆగి, "ఏం మాస్టారూ, తాకట్టు విడిపించుకున్నారా?" అని అడిగి వెళ్లాడు.

మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికిందంటారు. మాస్టారికి పొడి దొరికింది. టైర్ల షాపు మేడ మీద ఒకడు గది అద్దెకి తీసుకుని, పేరుకి ముందు డాక్టరని తగిలించుకుని, లివర్ కడిగే పొడి అమ్మేవాడు. గోడ నిండా వాడు గొప్పవాళ్లతో చేతులు కలుపుతున్న ఫొటోలు. ఎవరికీ పరీక్షలు చేయడు, ఏ ప్రశ్నా అడగడు. మాస్టారి మొహం చూడగానే, "మీరు జన్మలో మందు ముట్టలేదు, మీ కళ్లే చెబుతున్నాయి. శుద్ధమైన శరీరం. లోపల మురికి పేరుకుంది, అంతే. కడిగేద్దాం. ఆసుపత్రి మాత్రలు మాత్రం వాడకూడదు, పొడికి పడవు" అన్నాడు. పచ్చబడ్డ కళ్లలో వాడు చదివింది అదీ. మాస్టారికి కావలసింది మందు కాదు, ఆ సర్టిఫికెట్టు. డబ్బా చంకలో పెట్టుకుని తలెత్తుకుని దిగాడు.

పొడి పని చేసింది. విరేచనాలు పట్టుకున్నాయి. "మురికి పోతోంది" అని మాస్టారు గొప్పగా చెప్పేవాడు. మురికితో పాటు ఒంట్లో నీరూ సత్తువా పోతున్నాయని భార్య అంటే, "నీకేం తెలుసు, గుండీలు కుట్టుకో" అన్నాడు. ఫోనులో కూతురు కూడా గోల పెట్టింది. ఆ అమ్మాయి వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తోంది. "నాన్నా, ఆ డబ్బా మీద ఏం కలిపారో రాసుందా?" అని అడిగింది. రాసి లేదు. సూర్యుడి బొమ్మ మాత్రం ఉంది.

తర్వాత మాస్టారు మారిపోయాడు. పగలంతా నిద్రపోయి రాత్రంతా కళ్లు తెరుచుకుని కూర్చునేవాడు. అడిగిన మాటే మళ్లీ అడిగేవాడు. ఒక ఉదయం కొట్టుకి వెళ్లి, లాయరుగారి చొక్కా బట్ట పరిచి, మూడు చేతులు కత్తిరించాడు. మూడూ ఎడమ చేతులే. లాయరుగారు వచ్చి అదేమిటని అడిగితే, చాక్‌పీసు ముక్క నోట్లో పెట్టుకుని ఆయన వైపు నవ్వుతూ చూశాడు. లేవబోయి తూలి గుమ్మంలో పడ్డాడు. మాట ముద్దగా వస్తోంది. జనం చేరారు. ఫొటోకాపీ కొట్టాయన వంగి మాస్టారి నోటి దగ్గర వాసన చూసి, లేచి నిలబడి, "ఏదో తియ్యటి కంపు. ఇంపోర్టెడ్ సరుకనుకుంటా" అని ప్రకటించాడు. నీళ్లు తెచ్చినవాడు లేడు గానీ ఫోనులో వీడియో తీసినవాళ్లున్నారు.

ఇంటికి మోసుకొచ్చి మంచం మీద పడేశాక, భార్య కూడా ఆయన నోటి దగ్గర వాసన చూసింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి. ఆవిడా నమ్మింది. బీరువా వెనక, బియ్యం డబ్బాలో, బాత్రూము అటక మీద సీసాల కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఇంకా భయపడింది. సాయం అడగడానికి కాదు, సలహా అడగడానికి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, నీకైతే తెలుస్తుందని అడుగుతున్నా. తాగినవాడికి నిషా దించాలంటే ఏం పట్టాలి?"

"ఎవరు తాగారక్కా?"

ఆవిడ మంచం దగ్గర్నుంచి దూరంగా జరిగింది. "మీ బావ" అంది.

అతను ఏ లిఫ్టో సగంలో వదిలేసి, గ్రీజు అంటిన యూనిఫాంతోనే వచ్చాడు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి నడిచాడు. చిక్కిపోయి ఉన్నాడు, కానీ కళ్లు తేటగా ఉన్నాయి. బావ పక్కన కూర్చుని, "బావా, చేతులు ముందుకు చాపు. బండి ఆపమని చెప్పేటట్టు అరచేతులు చూపించు" అన్నాడు. మాస్టారు ఎలాగో చాపాడు. మణికట్లు నిలవకుండా టపటపా పడిపోతున్నాయి.

"ఇది తాగుడు కాదక్కా."

"వాసన వస్తోంది కదరా."

"అది మందు వాసన కాదు. మందు వాసన నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్క మంచం ఆయనకి ఇలాగే అయ్యింది. లివర్ పని ఆగితే ఒంట్లో విషం బుర్రకెక్కుతుందట. పడుకోబెట్టి చూస్తూ కూర్చుంటే మనిషి దక్కడు. పద."

తమ్ముడు ఆసుపత్రిలో పడి లేచాడన్న మాట ఆవిడకి అప్పుడే తెలిసింది. అడిగే తీరిక లేదు. అతను బావని వీపున వేసుకుని మెట్లు దిగాడు. మెట్ల మలుపుల్లో నిలబడ్డ ఇరుగుపొరుగు దారి ఇచ్చారు, అదొక్కటే ఆ రోజు వాళ్లు చేసిన ఉపకారం. "బావమరిదికి తోడు దొరికాడు" అని ఎవరో నసిగారు. అతను ఆగి, "జబ్బుమనిషి అండీ. నవ్వు ఆగకపోతే తలుపేసుకుని నవ్వుకోండి" అని దిగిపోయాడు.

ఆసుపత్రిలో సెలైన్లు పెట్టి, ఇంజెక్షన్లు చేసి, కడుపులో విషాన్ని బయటికి పంపే తియ్యటి సిరప్పు పట్టారు. పొట్టలోకి సూది దించి నీరు తీశారు. కొన్నాళ్లకి మాస్టారికి తెలివి వచ్చింది. కళ్లు తెరిచి చూస్తే ఎదురుగా బావమరిది, కుర్చీలో కునికిపాట్లు పడుతూ.

"వీడెందుకొచ్చాడు?" అన్నాడు.

భార్య డాక్టరమ్మ వైపు తిరిగి, "బుర్ర బాగైందండీ" అంది.

డాక్టరమ్మ పొడి డబ్బా తెప్పించుకుని చూసింది. "ఇందులో ఏముందో అమ్మినవాడికి కూడా తెలీదు. లివర్‌ని ఎవరూ కడగక్కర్లేదు మాస్టారూ, ఒంటిని కడిగేదే అది. మీరు విరేచనాలతో ఎండిపోయారు, ఉన్న మాత్రలు వాడలేదు. అందుకే మత్తు కమ్మింది. ఇంకోసారి మాట తడబడినా, పగలు నిద్ర రాత్రి మెలకువ అయినా, నల్లటి విరేచనం అయినా, రక్తం కక్కినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు."

"మళ్లీ మామూలుగా అవుతుందా?" అని అడిగాడు మాస్టారు.

"గట్టిపడ్డది మెత్తబడటం కష్టం. మిగిలినదాన్ని కాపాడుకోవచ్చు. ఉప్పు తగ్గించాలి, షుగరు మందులు మానకూడదు, మలబద్ధకం రానివ్వకూడదు. ఒంటినొప్పులని మందుల షాపులో మాత్రలు కొనేసి మింగకండి. ఆరు నెలలకోసారి స్కాను తప్పనిసరి. టీకాలు కూడా వేయించుకోవాలి. ఇంకా ముదిరితే లివర్ మార్చడం గురించి మాట్లాడుకుందాం, ఇప్పుడు కాదు." ఆవిడ లేచి వెళ్తూ, "మీరు తాగలేదని నాకు మొదటి రోజే అర్థమైంది. మీరు చెప్పనివ్వలేదు" అంది.

పరామర్శలు మొదలయ్యాయి. మా వీధివాళ్లు రోగి దగ్గరికి పళ్లూ పాఠాలూ పట్టుకెళ్తారు. పళ్లు వాళ్లే తినేసి పాఠాలు అక్కడ వదిలేస్తారు. ఒకావిడ కడుపు మాడ్చమంది. లివర్ జబ్బుకి తిండి తగ్గితే కండ కరిగి ఇంకా ప్రమాదమని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినాలని, పడుకోబోయే ముందు కూడా ఏదైనా తినాలని అప్పుడే నర్సు చెప్పి వెళ్లింది. అయినా ఆవిడ పాఠం ఆపలేదు. మాస్టారి పెదనాన్న కొడుకు అంటుకుంటుందేమోనని గుమ్మంలోనే నిలబడి, తన నీళ్ల సీసా తనే తెచ్చుకుని, అక్కణ్నుంచే తమ్ముడి మీద ప్రేమ కురిపించాడు. ప్రతివాళ్లూ చివరికి గొంతు తగ్గించి అడిగేది ఒకటే. "నిజం చెప్పు, ఎంత తాగేవాడివి?"

నాలుగోవాడు అడిగేసరికి మాస్టారు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్లుగా తను విసిరిన మాటలు ఎంత బరువుండేవో అప్పుడు తెలిసిందో లేదో ఆయనే చెప్పాలి. ఆయన చెప్పడు.

ఆ ఆసుపత్రి మేడ మీద వారానికోసారి లివర్ రోగులు, వాళ్ల ఇంటివాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. బావమరిది తాగుడు మానిన దగ్గర్నుంచీ అక్కడికి వెళ్తున్నాడు. రమ్మంటే, "తాగుబోతుల సంఘంలో నాకేం పని?" అన్నాడు మాస్టారు. భార్య రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. ఆవిడకి అది అలవాటైంది.

ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. తన వంతు రాగానే మాస్టారు గొంతు సవరించుకుని, "నేను మీలాంటివాణ్ని కాదు. నేను తాగలేదు" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న బ్యాంకు కౌంటర్లో పనిచేసే ఆవిడ, "నేనూ తాగలేదండీ. మా అమ్మ కడుపులోంచి బయటపడేటప్పుడే నాకు హెపటైటిస్ బి అంటుకుంది. పుట్టగానే టీకా వేసుంటే వచ్చేది కాదు. అయితే మనిద్దరం ముందు వరసలో కూర్చుందామా? తాగినవాళ్లని నిలబెడదామా? జబ్బుకి కూడా మొదటి తరగతి టికెట్లు ఉన్నాయా మాస్టారూ?" అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఆవిడ మామూలుగా మాట్లాడుతూ పోయింది. ఈ జబ్బు రక్తం వల్ల, శారీరక సంబంధం వల్ల, తల్లి నుంచి బిడ్డకి అంటుతుంది గానీ కలిసి తింటే, చెయ్యి తగిలితే అంటదని ఎన్నిసార్లు చెప్పినా, ఆఫీసులో తన కప్పు విడిగా ఓ మూలన పెడతారట. "మొదట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు నా కప్పు ఎవరూ వాడరని హాయిగా ఉంది. ఎప్పుడు వెతికినా దొరుకుతుంది" అంది. ఈసారి మాస్టారు కూడా నవ్వాడు.

తర్వాతి వారం ఎవరూ రెక్క పట్టుకోకుండానే వచ్చాడు. మంచితనం పొంగుకొచ్చి కాదు. ఆయన నోటికి సమానమైన నోరు ఊరు మొత్తంలో ఆ గదిలోనే దొరికింది.

కొట్టు మళ్లీ తెరిచారు. సగంమంది ఖాతాదారులు రాలేదు. వాళ్ల పొట్టలు వాళ్ల దగ్గరే ఉండనీ అన్నాడు మాస్టారు. కత్తెర ఇప్పుడు భార్య చేతిలో ఉంటుంది. అది ఎప్పుడో పట్టాల్సిందని ఆవిడ కటింగు చూసినవాళ్లకి అర్థమవుతుంది. ఆయన పూటంతా కూర్చోలేడు, కూర్చున్నంతసేపు వచ్చినవాళ్ల ప్రాణం తీస్తాడు. "నడుము పెరిగింది. షుగరు చూపించుకున్నావా? లివర్ స్కాను తీయించుకున్నావా? తీయించుకోవు. నీకు తాగుబోతని వేలెత్తి చూపించడానికి నేనున్నాగా" అంటాడు. కూతురికి పరీక్ష చేయిస్తే ఆ అమ్మాయి లివర్‌కీ కొవ్వు పడుతోందని తేలింది. ఇంకా మొదట్లోనే ఉంది. తండ్రిని తిట్టుకుంటూనే పొద్దున్నే నడుస్తోంది, ఇప్పటికి చాలా తగ్గిందని డాక్టరు చెప్పాడట. పొడివాడి మీద కూతురు, లాయరుగారు కలిసి ఫిర్యాదు చేశారు. వాడు గది ఖాళీ చేసి ఇంకో వీధిలో తేలాడు. ఇప్పుడు మోకాళ్లు కడుగుతున్నాడు.

ఇదంతా సర్దుకున్నాక, వానలు పడే రోజుల్లో, మీటింగుకి బావమరిది రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. ఫోను మోగుతోంది, తీయడం లేదు. అక్క వెళ్దామనుకుంటే మాస్టారు, "నువ్వు ఏడుస్తావు, వాడు ఏడుస్తాడు, పనవ్వదు. నేను వెళ్తా" అన్నాడు.

లిఫ్టులు బాగుచేసేవాడి గదికి లిఫ్టు లేదు. మాస్టారు మెట్టుమెట్టుకీ ఆగి రొప్పుతూ ఎక్కాడు. తలుపు తట్టగా తట్టగా తెరుచుకుంది. మాసిన గడ్డం, గది నిండా వాసన, మంచం కింద సీసాలు. అతనితో పనిచేసే మనిషి ఒకడు లిఫ్టు గుంటలో పడి చనిపోయాడట. ఆ సాయంత్రం ఒక్క పెగ్గే అనుకున్నాడట.

"నా మొహం చూడకు బావా. వెళ్లిపో."

"అంత అందమైన మొహమేం కాదులే, చూడను. తిన్నావా?"

"తినలేదు."

మాస్టారు తెచ్చిన డబ్బా మూత తీసి ముందు పెట్టాడు. "తిను. నేను తిట్టడానికే వచ్చాను, కానీ ఖాళీ కడుపు మీద తిడితే నీకు ఎక్కదు."

అతను ముద్ద కలిపి ఆగిపోయాడు. "నన్ను చూస్తే అసహ్యం వెయ్యడం లేదా?"

"వేస్తోంది. దానికీ దీనికీ సంబంధం లేదు. తిను."

సీసాలన్నీ అప్పటికప్పుడు పారబోయబోయాడు అతను. మాస్టారు ఆపాడు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి రావచ్చని, దగ్గరుండి మాన్పించాలని మీటింగులో నర్సు చెప్పిన మాట ఆయన విన్నాడు. విన్నట్టు ఎప్పుడూ కనిపించలేదు గానీ విన్నాడు. "పారబోసి వీరుడివి కాకు. డాక్టరు చూసి చెప్పినట్టు చేద్దాం. చొక్కా మార్చుకో, ఇది ఎవడు కుట్టాడో వాడి చేతులు విరగ్గొట్టాలి" అన్నాడు.

వానలోనే ఆటో మాట్లాడుకుని ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. బావమరిదిని చేర్చుకున్నారు. ఆ వారం మీటింగులో, తాగుడు మాని మళ్లీ మొదలుపెట్టినవాళ్లని ఉద్దేశించి కొత్తగా వచ్చినవాడు ఒకడు ఏదో ఎత్తిపొడవబోయాడు. మాస్టారు అతని వైపు తిరిగి, ఆ నోటితో ఏం అనగలడో అంతా అన్నాడు. బ్యాంకావిడ మధ్యలో రెండుసార్లు ఆపమంది. ఆయన ఆపలేదు. మీటింగయ్యాక భార్యతో కలిసి కింది వార్డుకి దిగి, బావమరిది మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.